ఇంటిపేర్లు మారిన పత్రికలు

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మొదటి ఎలక్ట్రానిక్ జర్నల్ ప్యాకేజీని కేటలాగులోకి ఎక్కించింది నేనే. మా రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయి అప్పటికి ఏడెనిమిదేళ్లు. నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ప్యాకేజీ అమ్మినవాళ్లు ఒక ఎక్సెల్ షీటు పంపారు. పత్రిక పేరు, దాని ఎనిమిదంకెల నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చదువుకోవచ్చు, తెరవడానికి లింకు. వరసకి ఒక పత్రిక చొప్పున వందలాది వరసలు. ఆ షీటుని మా సాఫ్ట్‌వేర్‌కి పనికొచ్చేలా మార్చి ఒక బటన్ నొక్కాను. పది నిమిషాల్లో ఎన్నడూ లేనన్ని పత్రికలు మా కేటలాగులో కనిపించాయి. లైబ్రేరియన్ సార్ సమోసాలు తెప్పించారు. అందరూ నా కంప్యూటర్ చుట్టూ చేరి, నోటికొచ్చిన పేరల్లా కొట్టించి, అది వచ్చినప్పుడల్లా సంబరపడ్డారు.

పత్రికల విభాగం చూసే మేడమ్ మాత్రం తన కుర్చీలోంచి లేవలేదు.

ఆవిడ రిటైర్మెంట్‌కి ఇంకా మూడేళ్లుంది. పాతికేళ్లుగా పోస్టులో వచ్చే పత్రికలన్నీ ఆవిడ చేతుల మీదుగానే లోపలికి వచ్చాయి. ఒక్కో పత్రికకి ఒక్కో అట్టకార్డు. సంచిక చేతికి రాగానే కట్టు విప్పి, ముద్ర కొట్టి, ఆ నెల గడిలో తారీఖు వేసేవారు. ప్యాకేజీ వచ్చిన ఏడాది అచ్చు పత్రికలు చాలావరకూ ఆపేశారు. కూలర్ పక్కన ఖాళీ బల్ల ముందు ఆవిడ పగలంతా కూర్చుని ఉండేవారు.

మేమిద్దరం తెలుగువాళ్లమని ఆరు నెలలపాటు ఇద్దరికీ తెలియదు. హిందీలోనే మాట్లాడుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం బైండింగుకి వెళ్లే సంచికలు ఆవిడ లెక్కపెడుతున్నారు. నేను పక్కనుంచి వెళ్తుంటే వినబడింది. "పదకొండు, పన్నెండు, పదమూడు..."

"మేడమ్, మీరు తెలుగా?" అన్నాను.

ఆవిడ లెక్క మరిచిపోయారు. "ఓలమ్మ! నువ్వూనా? ఏ ఊరు మీది?"

"నాన్నది కరీంనగర్ దిక్కు. ఇక్కడ స్టీలు కంపెనీల చేస్తడు. నేను ఈడనే పుట్టిన."

"మాది సిక్కోలు. మా నాన్న రైల్వే. నేను కూడా ఇక్కడే పుట్టినాను." కాసేపు నన్ను చూసి నవ్వారు. "ఇన్నాళ్లూ ఉత్తినే హిందీ మాట్లాడుకున్నాం చూడు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం డబ్బా ఇద్దరం కలిసి తినేవాళ్లం. ఇక్కడ బజారులో అమారీ భాజీ అని అమ్మే ఆకు మన గోంగూరేనని నాకు చెప్పింది ఆవిడే.

వానలు మొదలయ్యాక ఒక శనివారం ఆరంగ్ అనే ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడ బడిలో టీచరు. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరింది. ఈ ప్రాంతపు పాత వరి రకాల మీద పని. తొంభైల నాటి ఒక వ్యాసం కావాలంది. కేటలాగులో చూశాను. ఆ పత్రిక మొదటి సంచిక నుంచీ ఉందని నేను ఎక్కించిన రికార్డు చెబుతోంది. లింకు నొక్కితే తెరుచుకోలేదు.

"సర్వర్ గడ్‌బడ్ అయి ఉంటుంది, వచ్చే వారం రండి" అని హిందీలో చెప్పి పంపేశాను.

పై శనివారం మళ్లీ వచ్చింది. మళ్లీ తెరుచుకోలేదు. ఈసారి కొత్త సంచికలు తెరిచి చూశాను. అవి బాగానే వస్తున్నాయి. రెండు వేల సంవత్సరానికి ముందువి ఒక్కటీ లేవు. బస్సులో నిలబడి వచ్చిందేమో, చీర అంచు బురదతో తడిసి ఉంది. "కోయీ బాత్ నహీ బేటా, లిస్ట్ మే థా, ఇసీలియే ఆయీ థీ" అంది. ఏం పర్వాలేదమ్మా, జాబితాలో ఉంది కదా అని వచ్చాను, అంతే. కోపగించుకుని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. గొడుగు విప్పుకుని ఆమె వెళ్లిపోయాక, మధ్యాహ్నం డబ్బాలో అన్నం నాకు సహించలేదు.

"ఏటమ్మా, తినవేటి?" అన్నారు మేడమ్.

జరిగింది చెప్పాను.

"లిస్టు వచ్చినాక ఒక్కో పత్రికా తెరిచి చూసినావా?"

"లేదు మేడమ్. అన్ని వందలుంటే ఎట్ల చూస్త?"

"చూడకుండా ఉందని ఎలగ రాసీసినావు?"

తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగారు. పాతికేళ్లలో సంచిక చేతిలో పట్టుకోకుండా ఆవిడ కార్డు మీద ఒక్క తారీఖూ వెయ్యలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అది చూసి, నా డబ్బా మూత తనే పెట్టి, "పద, ఆ పత్రిక పేరేటో చూపించు" అంటూ లేచారు. నా కంప్యూటర్ దగ్గరికి ఆవిడ రావడం అదే మొదటిసారి.

పేరు చూడగానే అన్నారు. "ఇది పేరు మార్చుకుందమ్మా. ఇదివరకు దీని పేరు వేరు. ఆడపిల్లకి పెళ్లయితే ఇంటిపేరు మారదా, అలాగ. పుట్టింటి పేరుతో ఉన్నవి ఈ ప్యాకేజీవాళ్ల దగ్గర ఉండవు. మన దగ్గరే ఉన్నాయి, బైండు చేయించి కింద పెట్టినాను."

"మన కేటలాగుల లేవు కద మేడమ్!"

"లేకపోవడమేటి? నేనే రాయించినాను."

వెతికాను. లేవు. అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. ఎక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడిగింది, ఇదే నంబరుతో పాత రికార్డు ఉంటే ఏం చెయ్యమంటారని. కొత్తది పెట్టమన్నాను. పేరు మారినా మా పాత రికార్డులో రెండు పేర్లనీ ఒకే నంబరు కింద చేర్చి ఉంచారు. అలా ఉన్నవన్నీ కొట్టుకుపోయాయి. అచ్చు సంపుటాలు కింది గదిలో అరల మీద ఉన్నా, ఉన్నాయని చెప్పే అక్షరం ఎక్కడా లేదు.

మేడమ్ కిందికి వెళ్లారు. పావుగంటకి ఎర్ర అట్ట సంపుటం ఒకటి గుండెకి ఆనించుకుని, మెట్ల మీద ఆగి ఆగి పైకి వచ్చారు. ఆ వ్యాసం అందులో ఉంది.

ఆరంగ్ టీచరుకి అప్పుడే ఫోన్ చేశాను. పెద్ద టేబుల్ దగ్గర కూర్చుని ఆమె ఆ వ్యాసం చదివిన రోజు నాకు బాగా గుర్తు. జిరాక్స్ తీసిస్తామంటే ముందు చదువుకోనివ్వండి అంది. వరి రకాల పట్టిక మీద వేలు ఒక చోట ఆగింది. మమ్మల్నిద్దర్నీ పిలిచి ఆ పేరు చూపించింది. వాళ్ల అత్తగారు ఇప్పటికీ ఇంటి మట్టుకు ఒక చిన్న మడిలో ఆ వరి వేస్తుందట. దాని పేరు ఇలా పుస్తకంలో ఉంటుందని ఆ అత్తగారికి తెలియదట. ఆమె ముఖం చూస్తూ మేడమ్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుండిపోయారు. ఆ బియ్యం ఎలా ఉంటుంది, గంజి వాసన వేస్తుందా అని అడుగుతూ.

తర్వాత సార్ దగ్గరికి వెళ్లి నా పొరపాటు చెప్పుకున్నాను. భయపడినంత కాలేదు. "సరిచెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నారు. నాకు తెలియదు. వెనకనుంచి మేడమ్ చెప్పారు, "కార్డులు నా దగ్గరున్నాయి సార్. మేమిద్దరం కూర్చుంటాం."

దసరా దాటేదాకా కూర్చున్నాం. నేను ఒక్కో పత్రికా తెరిచి, మొదటి సంచికా చివరి సంచికా నిజంగా వస్తున్నాయో లేదో చూసేదాన్ని. ఆవిడ కార్డు చూసి చెప్పేవారు. ఇది రెండు భాగాలుగా విడిపోయింది, అన్నదమ్ములు వేరుపడ్డట్టు. ఇది మధ్యలో రెండేళ్లు ఆగి మళ్లీ మొదలైంది. ఇది ఇంకోదాంట్లో కలిసిపోయింది పాపం. ఒక్కోదాని గురించి చుట్టాల కబురు చెప్పినట్టే చెప్పేవారు. జాబితాలో తప్పులు ఇన్నుంటాయని నేను అనుకోలేదు. తెరుచుకోని ఏళ్లు తీసేసి, అచ్చులో ఉన్నవాటికి ఏ అరలో ఉన్నాయో రాశాను. కొన్నాళ్లకి ఆవిడ మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నారు. మొదట్లో దాన్ని గాలిలోకి ఎత్తేవారు. నేను నవ్వితే, "నవ్వకే" అని మోచేత్తో పొడిచేవారు. ఎనిమిదంకెల నంబర్లు ఆవిడ తెలుగులో చదివితే నేను హిందీలో తిరిగి చెప్పేదాన్ని.

కూలర్ పక్క బల్ల అలాగే ఖాళీగా ఉండేది. కానీ అప్పటికి ఆవిడ కుర్చీ నా పక్కకి వచ్చేసింది. రిటైరయ్యేదాకా అక్కడే ఉంది.

ఆ తర్వాత నాలుగేళ్లకి ఆ ప్యాకేజీ ఆపేసి ఇంకోటి తీసుకున్నారు. పాత రికార్డులన్నీ తీసెయ్యాలి. ఒక్క బటన్ చాలు. నొక్కలేకపోయాను. మేమిద్దరం ఒక్కొక్కటీ తెరిచి చూసి దిద్దినవి అవి. తిల్దా ఊళ్లో తన తమ్ముడి ఇంట్లో ఉంటున్న ఆవిడకి ఫోన్ చేశాను. అప్పటికి మేడమ్ అనడం మానేసి మా ఇంట్లో పిన్నిని పిలిచినట్టే పిలుస్తున్నాను.

"చిన్నమ్మా, మనం చేసినయన్ని తీసెయ్యాలంట."

"తీసీమ్మా. ఇంక చదవనివ్వరు కదా వాళ్లు? లేనిదాన్ని ఉందని చెప్పి ఎవరినీ బస్సెక్కించకూడదు." ఫోన్ పెట్టేస్తూ, "అచ్చువి మాత్రం జాగ్రత్త" అన్నారు.

అచ్చు సంపుటాలున్న రికార్డులు విడిగా దాచుకుని, అవి పదిలంగా ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, మిగిలినవి తీసేశాను. ఏడవలేదు గానీ కిందికి వెళ్లి అరల మధ్య కొంచెంసేపు తిరిగొచ్చాను.

ఆ ఆదివారం లోకల్ ట్రైన్‌లో తిల్దా వెళ్లాను. స్టేషన్ దాటగానే రైస్ మిల్లుల ఊక గాలిలో తేలుతోంది. ఆవిడ గోంగూర వండి పెట్టారు. ఆరంగ్ టీచరుకి పీహెచ్‌డీ వచ్చిందని చెబితే ఎంతో మురిసిపోయారు. ఆమె అత్తగారు ఎలా ఉన్నారని అడిగారు. పోయిన ఏడాది పోయారని, మడి మాత్రం కోడలే చూసుకుంటోందని చెప్పాను.

చేతులు కడుక్కున్నాక నా సంచీ వైపు చూశారు. "కొత్తవాళ్ల లిస్టు తెచ్చినావా?"

తేలేదని చెప్పాను.

"తేకుండా ఎలగమ్మా? ఎవరి పేర్లు మారినాయో నీకెవరు చెప్తారు?"

మరుసటి ఆదివారం ప్రింటు తీసి పట్టుకెళ్లాను.