ఒక సైజు పెద్దది

పాతకాలపు యుద్ధ విమాన పైలట్లు తొడుక్కున్న తోలు జాకెట్‌కి అచ్చమైన నకలు అంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. నడుము దగ్గరా మణికట్ల దగ్గరా అల్లిక పట్టీలు గాలి దూరకుండా ఒంటిని పట్టి ఉంచాలి. మొదటిరోజు పొద్దున షిఫ్టుకి బైక్ మీద వెళ్తుంటే, ముత్తంగి జంక్షన్ దాటకముందే చలిగాలి కిందినుంచి దూరి జాకెట్‌ని బెలూన్‌లా ఉబ్బించింది. దాని చేతులు నా వేళ్ల మీదికి జారాయి. రెండుసార్లు బండి ఆపి సర్దుకున్నాను. అయినా కుదురు లేదు.

సాయంత్రం అద్దం ముందు తొడుక్కుంటూ విప్పుతూ ఉంటే మా ఆవిడ విసుక్కుంది.

"గింత లూజుది ఎందుకు తెప్పిచ్చినవ్?"

"యూనిఫాం లెక్కనే ఒక సైజు పెద్దది పెట్టిన. ఉతికితే దగ్గరికొస్తది గదా."

"తోలును ఎవరన్న ఉతుకుతరా?"

ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. మా ఫ్యాక్టరీ యూనిఫాం రెండు ఉతుకులకే కుంచించుకుపోతుంది. అందుకే అందరం ఒక సైజు పెద్దదే రాయిస్తాం. ఆ అలవాటుతో ఇంట్లో చొక్కాలు కూడా అలాగే కొన్నాను. జాకెట్ మార్చుకుందామని ఫోన్ తెరిస్తే, సరైన సైజు ఎంచుకోమంది. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయింది, మళ్లీ ఒంటి కొలత తీయించుకున్నదే లేదు. నా సైజు ఎంతో నాకు తెలియదు.