పోటీ కంపెనీలో చెల్లెలు

మలేషియాలోని పెనాంగ్‌లో ఆ రోడ్డుకు ఇటు కోర్విన్ కంపెనీ కంప్యూటర్ చిప్పుల కార్ఖానా, అటు టెల్మర్ వాళ్లది. ఇటు ఇరవై రెండేళ్లుగా చిప్పులు పరీక్షించేది స్వీ లాన్. అటు అదే పని ఆమె చెల్లెలు స్వీ ఖిమ్‌ది. మధ్యాహ్నం అన్నం పొట్లాలమ్మే యుస్రీ బండి దగ్గర ఇద్దరూ కలిసి కొబ్బరిపాల అన్నం తినకపోతే స్వీ లాన్‌కు ఆ రోజు గడిచినట్టే ఉండదు. చెల్లెలు తన గుడ్డు ముందే మింగి, అక్క గుడ్డు కోసం ఆమె పొట్లంలో చెయ్యి పెడుతుంది. అక్క తిడుతుంది. అదీ భోజనం.

ఇంతలో టెల్మర్ కోర్టుకెక్కింది. తమ చిప్పులు కొనవద్దని కోర్విన్ కంప్యూటర్ కంపెనీలకు డబ్బు ముట్టజెబుతోందట. "పోటీ అంటే అంత భయమెందుకు?" అని పత్రికలో నిండు పేజీ ప్రకటన. మర్నాడు కోర్విన్ నిండు పేజీ: "భయమా, మాకా?" మూడోనాటికి రెండు పేజీలూ యుస్రీ పొట్లాలకు చుట్టుకున్నాయి.

పోటీ కంపెనీవాళ్లను కలిస్తే ఏం మాట్లాడుకున్నారో ఫారంలో రాసివ్వాలని కోర్విన్ నోటీసు అంటించింది. అది మేనేజర్ల కోసం. మేనేజర్లలో ఒక్కరూ ఫారం ముట్టలేదు. ఆరో తరగతితో బడికి దండం పెట్టిన స్వీ లాన్‌కు మాత్రం అచ్చు కాగితమంటే దేవుడి మాట. రోజూ రాసింది. "కలిసినవారు: చెల్లెలు. మాట్లాడినది: నా గుడ్డు." ధరల గురించి మాట్లాడారా అన్నచోట అవునని టిక్కు పెట్టి, పక్కన, "యుస్రీ అన్నం ధర పెంచితే ఇద్దరం మానేద్దామని ఒప్పందం."

ఆరు నెలలకు కౌలాలంపూర్ లాయరు దిగాడు. కంపెనీ మొత్తంలో అతనికి దొరికినవి ఆ ఫారాలే.

"ఇవన్నీ కోర్టుకు చూపాలి ఆంటీ," అన్నాడు తల పట్టుకుని. "కేసు తేలేదాకా ఆవిడతో కలిసి తినకండి."

"అది నా చెల్లెలయ్యా! ముక్కు తుడిచి పెంచాను."

"పోటీ కంపెనీ మనిషని మీరే రాశారుగా!"

అచ్చు కాగితం మీద సొంత చేతిరాత.

మర్నాటి నుంచి వేరే బల్ల, చెల్లెలికి వీపు పెట్టి.

"యుస్రీ, మా అక్క గుడ్డు నాకేం అక్కర్లేదని చెప్పు."

"యుస్రీ, అది మాట్లాడితే నేను ఫారం రాయాలి. నోరు మూసుకోమను."

"నన్ను సాక్ష్యానికి లాగకండి తల్లీ," అన్నాడు యుస్రీ. "మీ గొడవలో ధర పెంచడమే మరిచిపోయాను."

స్వీ లాన్ గుడ్డు రోజూ పొట్లంలోనే మిగిలిపోయేది. దొంగిలించేవాళ్లు లేని గుడ్డు ఆమెకు సహించలేదు.

వానాకాలంలో ఒకరోజు పొట్లం విప్పితే, చుట్టిన పత్రిక ఫొటోలో, నూనె మరకల కింద, రెండు కంపెనీల పెద్దలు చేతులు కలిపి నవ్వుతున్నారు. కోర్టు బయటే రాజీ. తప్పెవరిదో ఏ పెద్దమనిషీ చెప్పలేదు. స్వీ లాన్ ఆ వార్త రెండుసార్లు కూడబలుక్కుని చదివింది. పొట్లం పట్టుకుని చెల్లెలి బల్ల దగ్గరికి నడిచింది.

"జరుగు."

"ఫారం తెచ్చావా?" అంది స్వీ ఖిమ్, మూతి ముడిచి.

"తెచ్చాను."

"అయితే రాసుకో," అంటూ చెల్లెలు గుడ్డు లాక్కుని ఒక్క గుటకలో మింగేసింది.

స్వీ లాన్ తనివితీరా తిట్టింది. తర్వాత జేబులోంచి ఫారం తీసి, దాంతో చెల్లెలి మూతికంటిన కారం తుడిచింది.