చెప్పు జారిన రోజులు

రిటైరయ్యాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను గానీ, డైరీలో మా ఇంటి తెలుగును ఇప్పటికీ అరవ అక్షరాల్లోనే రాస్తాను. బడిలో నేర్పిన రాత అదే. నిరుటి డైరీలో ఒక వాక్యం పదకొండుసార్లు ఉంది: "ఈరోజు కూడా ఒంటి చెప్పుతోనే వచ్చింది." నా భార్య గురించి. పక్కన "మతిమరుపు" అని రాసి సాయంత్రం చదివి వినిపించేవాణ్ణి.

"నా చెప్పులకు కాపలా తప్ప మీకు వేరే పనిలేదా?" అని నవ్వేది.

ఒకరోజు ఆమె వాకిట్లో ముగ్గేసి లోపలికొస్తే, నేలమీద అడుగడుక్కీ రక్తపు చుక్క. కాలు వాచి, వెండిమెట్టె వేల్లోకి కోసుకుపోయి ఉంది.

"నొప్పి లేదా?"

"ఉంటే చెప్పనా?"

వాడిపట్టిలో బస్సెక్కి మదురై వెళ్ళాం. డాక్టరమ్మ ఆమెను కళ్ళు మూసుకోమని, సన్నని తీగలాంటిది అరికాలిలో అక్కడక్కడా గుచ్చి చూసింది. మొత్తం అయిపోయాక నా భార్య, "ఇంకా మొదలుపెట్టలేదామ్మా?" అని అడిగింది.

"ఒంట్లో సక్కర ఏళ్ళతరబడి ఎక్కువగా ఉంటే కాలి నరాలు మొద్దుబారతాయి," అంది డాక్టరమ్మ. "రక్తమూ సరిగా అందదు, పుండు మానదు. చెప్పులు తెలియకుండా జారిపోతుండేవా?"

నా సంచిలోనే డైరీ ఉంది. తలూపాను. పదకొండుసార్లూ జబ్బే రాశాను, పేరే తప్పు పెట్టాను.

మెట్టె తీయకపోతే వేలు దక్కదంది.

"ఆయనుండగా తీయను. వేలు పోతే పోనీ."

"పెళ్ళిలో సన్నికల్లుమీద నీ కాలు పెట్టించి తొడిగింది నేనే కదా," అన్నాను. "నేనే తీస్తాను."

ఆమె కాలు నావైపు చాపి, "అప్పుడు చక్కిలిగిలి పుట్టింది," అంది.

నర్సు కట్టరుతో కత్తిరించింది. రెండు ముక్కలూ నేనే లాగాను.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. వేలు దక్కింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులూ మడమలూ చూసి, ఎర్రబడిందా, పగిలిందా అని రాసుకుంటాను. మొదట్లో సిగ్గుపడి కాలు లాక్కునేది. "మొగుడిచేత కాళ్ళు పట్టించుకుంటోందని అక్కచెల్లెళ్ళు నవ్వుతారు," అనేది.

నిన్న మెట్టె ఉండిన చోట వేలితో నొక్కాను.

"అక్కడ కొంచెం తెలిసింది," అంది.

"నిజంగానా, నాకోసమా?"

"ఊరికే రాసుకోండి."

రాసుకున్నాను.