మావారి క్లెయిమ్‌లో నేను

ఎడ్మంటన్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే పేరోల్ చూసే ఆవిడ ఒక ఫారం ఇచ్చి, దాన్నిబట్టే జీతంలో పన్ను పట్టుకుంటామని, లంచ్‌లోపు నింపి ఇమ్మని చెప్పింది. జీవిత భాగస్వామి గురించి అడిగిన చోట ఏం రాయాలో తోచక మావారికి ఫోన్ చేశాను.

"అక్కడ ఏమీ రాయకు. నీకు జాబ్ లేదు, నా మీదే ఆధారపడ్డావని, పన్ను తగ్గడానికి మా ఆఫీసు ఫారంలో నిన్ను ఎప్పుడో క్లెయిమ్ చేశా" అన్నారు. అంతలోనే ఆయన గొంతు మారింది. "అయ్యో, ఇప్పుడు నీకు జాబ్ వచ్చింది కదా! నేను ఇచ్చింది తప్పు డిక్లరేషన్ అవుతుందా? శాశ్వత నివాసానికి పెట్టిన మన పీఆర్ అప్లికేషన్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది."

కోరి తెచ్చుకున్న ఉద్యోగమే మా కొంప ముంచుతుందేమోనని భయపడ్డాను. ఉండబట్టలేక వెళ్లి, తడబడుతూ ఆవిడకే అంతా చెప్పేశాను.

ఆవిడ ఓపిగ్గా విని నవ్వింది. మీకు ఉద్యోగం రాకముందు రాసింది తప్పు కాదు, వారం రోజుల్లోపు ఆయన తన ఆఫీసులో కొత్త ఫారం ఇస్తే చాలు, ఆయనకి పన్ను కాస్త ఎక్కువ కట్ అవుతుంది, అంతే అంది. హమ్మయ్య అనుకుని వెంటనే మావారికి ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు మావారి నుంచి మెసేజ్: "నా క్లెయిమ్‌లోంచి నిన్ను తీసేశా."

భర్త అలా అంటే అంత సంతోషించిన భార్యని నేనొక్కదాన్నేనేమో!

— మాధవి, ఎడ్మంటన్