మత్తుకి పెట్టిన బ్యాడ్జి

ఆశాజ్యోతిది తగరపువలస. స్టీల్‌ప్లాంటు ఉద్యోగి శివరామకృష్ణని చేసుకుని దువ్వాడ వచ్చింది. ఎదుటివాళ్లు పనికిమాలిన మాటంటే ఆమె పెదవి ఓ పక్కకి వంగిపోతుంది. ఆ ఏడాది ఆ పెదవికి తీరికే లేకపోయింది.

కూతురు కీర్తనకి ఎనిమిదేళ్లు. అన్నం మధ్యలో లేచి మేడ మీదికి పరిగెత్తేది. చెప్పింది సగం వినకుండానే మరిచిపోయేది. సీతమ్మధారలో పిల్లల మనస్తత్వం చూసే డాక్టరు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, నిలకడ కుదరని సమస్య అని చెప్పి, రోజూ పొద్దున్నే వెయ్యమని మాత్రలు రాశాడు.

వారం తిరక్కుండా ఇల్లు చప్పబడింది. పిల్ల సోఫాలో ఒరిగిపోయి, పిలిస్తే కళ్లు మాత్రం తిప్పేది.

"హమ్మయ్య! నైట్ షిఫ్టు చేసొచ్చి ఇన్నాళ్లకి కంటినిండా పడుకుంటున్నాను" అన్నాడు శివరామకృష్ణ.

"ఇప్పటికి ఆడపిల్లలా ఉంది" అంది అత్తగారు కాంతం.

బళ్లో టీచరు హరిచందన ఇంకో మెట్టు ఎక్కి, క్లాసుకల్లా బుద్ధిమంతురాలని కీర్తన గౌనుకి బ్యాడ్జి పెట్టింది.

ఆ సాయంత్రమే స్కూలు వ్యానులో నిద్రపోయిన పిల్ల ఇంటి దగ్గర దిగలేదు. షెడ్డులో వ్యాను తలుపు వేయబోతున్న డ్రైవరు గవర్రాజు, వెనక సీట్లో ముడుచుకున్న కీర్తనని చూసి భుజాన వేసుకుని తెచ్చాడు.

"ఎంత లేపినా లెగట్లేదమ్మా. పేనం అదిరిపోయింది నాకు" అన్నాడు.

"అల్లరి చేసి రోడ్డు మీదికి పరిగెత్తలేదు, నయం" అన్నాడు శివరామకృష్ణ.

చెప్పుకి అంటుకున్న పేడని చూసినట్టు చూసింది ఆశాజ్యోతి. "కూతురు కదల్లేదని సంబరపడతన్నారా? షోకేసులో బొమ్మని కొనుక్కోవలసింది మీరు!"

మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గరికెళ్లారు. "తగ్గించకండి సార్, ఇప్పుడే ఇల్లు ఇల్లులా ఉంది" అని మొదలెట్టాడు మొగుడు.

"ఆయన్నొగ్గీయండి, నాను సెప్తాను" అని ఆమె నిద్ర, తిండి, వ్యాను సంగతి అన్నీ చెప్పింది.

డాక్టరు పిల్ల బీపీ, నాడి చూశాడు. "ఇది మందు మత్తేనమ్మా. ఇలా రావచ్చని నేను ముందే చెప్పాల్సింది. డోసు తగ్గించి రాత్రికి మారుద్దాం. మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే బీపీ పెరగొచ్చు. అయినా మత్తు పోకపోతే వేరే మందు చూద్దాం."

తప్పు ఒప్పుకున్న ఆ మనిషి ముందు మాత్రం ఆమె పెదవి వంగలేదు.

మత్తు మెల్లగా దిగింది. కీర్తన మళ్లీ ప్రశ్నలు, పరుగులు మొదలెట్టింది. మునుపటంత లేదు; పట్టిన లెక్కని చివరిదాకా చేస్తోంది. హరిచందన కబురు పెట్టి ఆశాజ్యోతిని బడికి పిలిపించింది.

"పోయిన నెలే బావుండేదండీ. బ్యాడ్జి తీసేయాల్సొచ్చింది."

"మూటకి బ్యాడ్జి పెట్టి మురిసిపోయారు కదండీ! మెలకువగా ఉన్న పిల్లకి పాఠం సెప్పడం వొచ్చేటి మీకు?"

టీచరు మొహం మాడింది. మర్నాటి నుంచి కీర్తనని ముందు బెంచీలో కూచోబెట్టి, మధ్యమధ్య కాళ్లు కదిలేలా లేపి బోర్డు తుడిపిస్తోంది. అది ఆశాజ్యోతి మళ్లీ వస్తుందన్న భయమే. ఆ సంగతి ఆశాజ్యోతికీ తెలుసు.

"భయపడే సెయ్యనీ" అంది.

శివరామకృష్ణ ఇప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నాడు.