సత్రపట్టి అక్క చీటీ

ఇప్పటికీ నా మందుల డబ్బాలో ఏ మాత్ర అయినా పదికి తగ్గిందంటే నాకు కాలు నిలవదు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. బీపీ మాత్ర సాయంత్రం తెస్తాంలే, అంతలో కొంపలేం మునిగిపోవు అంటారు. నేను వినను. చెప్పులేసుకుని వీధి చివరి షాపుకు నేనే నడుస్తాను. తెచ్చి డబ్బాలో వేసి మూత పెట్టాకగానీ కాఫీ గొంతు దిగదు. ఈ తొందర నాకు పదిహేడేళ్ల వయసులో పట్టుకుంది, రాజపాళయంలో మా ఇంటి మేడ మీది గదిలో.

అరవైల మొదటి ఏళ్లు అవి. రెండు నెలలుగా దగ్గు వదలడం లేదు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. ఒకరోజు రుమాలులో ఎర్రటి చార కనబడింది. నాయన నన్ను మదురై తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాడు. అక్కడి డాక్టరు భయపెట్టలేదు. ఇది ఇప్పుడు చంపే జబ్బు కాదు, మాత్రలున్నాయి, కానీ ఏడాదిన్నర పాటు ఒక్కరోజు కూడా మానకూడదు అన్నాడు. మీ ఊరి దగ్గర సర్కారు ఆసుపత్రిలోనే నెలనెలా ఇస్తున్నారు, పేరు రాయించుకోండి అని కూడా చెప్పాడు.  మొదటి నెల మాత్రలు మాత్రం నాయన అక్కడే కొని తెచ్చాడు.

పేరు రాయించడమే మా ఇంట్లో జరగని పని. మా ఊరివాళ్లు సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనేవాళ్లు. ధర్మం పెట్టే ఇంటివాళ్లం, పుచ్చుకునే వరసలో ఎలా నిలబడతామన్నది మా అవ్వ వాదం. అవ్వ అంటే నాయన తల్లి, ఆ ఇంటికి ఆమె మాటే శాసనం. ఊళ్లో ఇంగ్లీషు మందుల షాపు మా చుట్టాలదే. పొద్దున అక్కడ ఆ మాత్ర కొంటే మధ్యాహ్నానికి చావడిలో కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ తెలుస్తుంది. నెలనెలా మదురై పోతే ఎందుకని అడిగేవాళ్లకూ కొదవ లేదు. ఆ జబ్బున్న ఇల్లని ఒక్కసారి అనిపించుకుంటే నన్నే కాదు, నా తర్వాతి పిల్లల్నీ ఎవరూ చేసుకోరని అవ్వ భయం. ఆ భయం అబద్ధం కాదు. అందుకే ఆమె మీద కోపం ఎంత తెచ్చుకున్నా సగంలోనే ఆగిపోతుంది.

అవ్వకు ఉపాయం తట్టడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. భూమికి పరిమితి పెడుతూ చట్టం వస్తోందని ఆ రోజుల్లో పెద్ద రైతులందరికీ గుబులు. మా నాయన కూడా నమ్మకమైన పనివాళ్ల పేర్ల మీద కొన్ని పొలాలు రాయించాడు. వాళ్లు వేలిముద్ర వేసి వెళ్లిపోయేవాళ్లు. పొలం మాదే, పంటా మాదే, పేరు ఒక్కటే వాళ్లది. పేరు అరువు తీసుకోవడం మా ఇంట్లో పక్కింటి చెంబు తెచ్చుకున్నంత తేలికైన పని.

అలా ఒక మామిడితోట సత్రపట్టి అక్క పేరున ఉండేది. ఆమె మా పశువుల కొట్టం చూసుకునే మనిషి, ముప్పై దాటిన వితంతువు, సత్రపట్టి నుంచి రోజూ నడిచి వచ్చేది. వాళ్లదీ తెలుగే. వాళ్ల తాతలూ మా తాతల్లాగే మదురై నాయక రాజుల కాలంలో ఇటు వచ్చినవాళ్లే. మా వాటాకు భూమి వచ్చింది, ఆమె వాటాకు మా భూమిలో పని వచ్చింది.

"నీ పేరున మా తోట ఉండాది కదా?" అని అడిగింది అవ్వ, ఆమెను మేడ మీదికి పిలిపించి.

"ఉండాదమ్మా."

"నిలానికి పేరిచ్చినావు. మందుకూ ఇయ్యి. పాపకు ఒళ్లు సరిలేదు. ఎవురికీ చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

అక్క నా వైపు చూసింది. "పేరే కదమ్మా, ఇచ్చేస్తాను. నా దగ్గర సుమ్మానే పడి ఉండాది," అని అవ్వ చేతిలో చెయ్యి వేసింది.

ఊరికే పడి ఉందన్న ఆ పేరేమిటో నాకు తెలియదు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆమెను సత్రపట్టి అక్క అనే పిలిచాను. ఆమెకు వేరే పేరుందన్న ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున నా కళ్లె ఒక చిన్న డబ్బాలో పట్టి ఇచ్చాను. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని ఊరి బయట ఉన్న ఆసుపత్రికి నడిచింది. అది పెంకుల కప్పు వేసిన రెండు గదుల ఇల్లు. జనం ఎవరి సీసా వాళ్లే తెచ్చుకుని వరసలో నిలబడేవాళ్లట. జ్వరానికీ కడుపునొప్పికీ కాళ్లవాపుకీ ఒకే జాడీలోంచి ఎర్రమందు పోసేవాడట కాంపౌండరు. మధ్యాహ్నానికి ఆమె కాగితంలో చుట్టిన మాత్రలు, ఒక అట్ట చీటీ తెచ్చి నా మంచం మీద పెట్టింది. చీటీ మీద ఆమె పేరు. ఎంత అందమైన పేరో! ముందుగా అదే చదివాను.

"దగ్గి చూపించమన్నాడు పాపా. నీ మాదిరే దగ్గినాను. నీకన్నా బాగా దగ్గినాను. పక్కన ఉండిన ముసలమ్మ బయపడి లేచి పోయింది," అని మళ్లీ దగ్గి చూపించింది. చివర్లో నేను ఛాతీ పట్టుకునే తీరు కూడా వదల్లేదు. నవ్వీ నవ్వీ నాకు నిజం దగ్గు వచ్చింది. ఆమె నా వీపు రాసి, నా ఉమ్మి పాత్ర కిందికి తీసుకెళ్లి బూడిదేసి తోమింది. అది కూడా ఆమె పనే.

రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల ఆమె ఉత్త చేతులతో వచ్చింది.

"స్టాకు లేదంటా పాపా. అడుత్త వారం రమ్మన్నాడు."

నా దగ్గర నాలుగు మాత్రలున్నాయి. వాటిని వక్కలు కత్తిరించే కత్తెరతో రెండేసి ముక్కలు చేశాను. అలా చేయకూడదని నాకు తెలుసు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగాను. కిటికీలోంచి సంజీవి కొండ కనబడేది. హనుమంతుడు మందుకొండ మోసుకెళ్తుంటే జారిపడిన ముక్క అని మా ఊరివాళ్లకు దాని గొప్ప. కొండంత మందు పడిన ఊళ్లో నాకు ఒక గోరంత మాత్ర దొరకలేదు. ఆ కొండను చూస్తే ఒళ్లు మండి కిటికీ మూసేసేదాన్ని, గాలాడక మళ్లీ తెరిచేదాన్ని. తళవాయిపురం బస్సు చప్పుడు విన్నప్పుడల్లా అందులో మందు వస్తోందేమో అనిపించేది. ఆ బస్సుకూ మందుకూ ఏ సంబంధమూ లేదు.

మరుసటి వారమూ లేదన్నారు. అక్క చోళపురం దాకా నడిచి అక్కడా అడిగింది. చీటీ ఎక్కడిదో మందూ అక్కడే అన్నారట. వచ్చి చెప్పేసరికి నేను చేతిలోని గ్లాసు విసిరికొట్టి ఆమె మీద అరిచాను. "అక్కడ పోయి ఏం చేస్తా ఉండావు? గట్టిగా అడగరాదా?"

"గట్టిగా అడిగితే వెనక్కి పో అంటాడు. మెల్లిగా అడిగితే వినబళ్లేదంటాడు. నేనేం చేసేది పాపా?" అని గ్లాసు ఏరింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ కాంపౌండరును నేను తిట్టని తిట్టు లేదు. అతను అడిగినదాంట్లో పై నుంచి సగం కూడా వచ్చేది కాదని నాకు చాలా ఏళ్లకుగానీ తెలియలేదు. మొత్తం తొమ్మిది రోజులు మందు లేకుండా ఉన్నాను. పదో రోజు అక్క వీధి మలుపు నుంచే కొంగు ముడి పైకెత్తి చూపించుకుంటూ వచ్చింది. మేడ మెట్లు దిగకూడదన్న అవ్వ ఆజ్ఞ మరిచి వాకిట్లోకి పరుగెత్తాను.

ఏడాదిన్నర అలాగే గడిచింది. చీటీలో గళ్లన్నీ నిండాయి. చికిత్స పూర్తయిందని కాంపౌండరు అడ్డంగా గీత గీసి రాశాడు. మదురైలో ఎక్స్‌రే తీస్తే ఛాతీ శుభ్రంగా ఉంది. అవ్వ కులదైవానికి పొంగలి పెట్టించి, అక్కకు ఒక కొత్త చీర ఇచ్చింది. చీటీ నేను నా ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. ఇంట్లో నా పెళ్లి మాటలు మొదలయ్యాయి.

ఆ ఏడు ఐప్పసి నెలలో, దీపావళి వానల్లో ఒక పొద్దున కొట్టంలోంచి దగ్గు వినబడింది. అచ్చం నా దగ్గు. మేడ మీదినుంచి వంగి చూస్తే అక్క, ఛాతీ పట్టుకుని.

"చాలక్కా, కాంపౌండరు ఈడ లేడు!" అని అరిచి నవ్వాను.

ఆమె కూడా తలెత్తి నవ్వింది. తర్వాత చేతిలోని పేడతట్ట దించి స్తంభం పట్టుకుంది. నేనింకా నవ్వుతూనే ఉన్నాను.

అది ఎవరి నుంచి ఆమెకు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు. ఆమె ఆసుపత్రికి వెళ్లింది. కాంపౌండరు రిజిస్టరు తీశాడు. ఆ పేరు మనిషి ఏడాదిన్నర మాత్రలు పూర్తిగా తిన్నట్టు అందులో ఉంది. అంతా తిన్నాక కూడా జబ్బు తిరగబెట్టిందంటే ఈ మాత్ర నీకు ఇక పనిచేయదన్నాడట. ఉన్న కాసిని మాత్రలూ కొత్తగా వచ్చినవాళ్లకే, నీకు సూది మందు కావాలి, అది జిల్లా నుంచి రావాలి, రాస్తాను, అడుత్త వారం కనుక్కో అన్నాడట. అతని తప్పేముంది? అతని ముందున్న కాగితం ప్రకారం అతను చెప్పింది సరైన వైద్యమే.

"నేను తినలేదని ఎట్లా చెప్పేదమ్మా?" అని అవ్వను అడిగింది అక్క. తనకు మందు కావాలని అడగలేదు. ఒట్టు తీసెయ్యమనీ అడగలేదు.

"చెప్పేద్దాం అవ్వా," అన్నాను నేను.

"నోరు ముయ్యి. సంక్రాంతి పోతానే తై నెలలో పెళ్లి పెట్టుకుని ఏం మాట్లాడతా ఉండావు? దానికి మందు మనమే కొనిస్తాము," అంది అవ్వ.

నాయన మదురై నుంచి ఒక నెల మాత్రలు తెచ్చాడు, నిజమే. రెండో నెలకు పెళ్లి పనులు ముంచుకొచ్చాయి. రేపు అన్నాడు, ఎల్లుండి అన్నాడు. సర్కారును తిట్టిపోసిన మా ఇంట్లో కూడా స్టాకు అయిపోయింది.

నాకు మళ్లీ కాలు నిలవలేదు. స్నేహితురాలి ఇంటికని చెప్పి ఒక బుధవారం అక్కతో ఆసుపత్రికి బయలుదేరాను. ఆమె ప్రతి పది అడుగులకూ ఆగుతోంది. ఆ ఏడాదిన్నరలో నా కోసం ఎన్నిసార్లు నడిచిందో, ఆ దారి పొడవు నాకు ఆ రోజే తెలిసింది. చెప్పవలసింది ఒకే ఒక వాక్యం: ఆ మాత్రలు తిన్నది నేను. దారంతా దాన్ని అరవంలో మనసులో వల్లె వేసుకున్నాను.

కాంపౌండరు తలెత్తి నా చెవుల కమ్మలు చూశాడు. ఎవరింటి అమ్మాయివమ్మా అని అరవంలో మర్యాదగా అడిగాడు. నేను నోరు తెరిచాను. సీసాలు పట్టుకుని బల్ల మీద కూర్చున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు. వాళ్లలో మా వీధికి రోజూ మల్లెపూలు తెచ్చే ఆమె ఉంది. నన్ను గుర్తుపట్టి చిరునవ్వు నవ్వింది. 

అక్క నా మొహం చూసింది. నా కన్నా ముందే, ఆమే అరవంలో అతనికి జవాబు చెప్పింది: మా యజమాని ఇంటి పాప, నాకు తోడు వచ్చింది, అంతే.

నేను కాదనలేదు. సూది మందు ఇంకా రాలేదు, అడుత్త వారం రమ్మన్నాడు. తిరిగి వస్తూ నేను ఏడుస్తుంటే ఆమే ఓదార్చింది. "నువ్వు చెప్పింటే ఆ పూలామె సాయంత్రానికి ఊరంతా చెప్పేసుండును. నా ఒక్కదానితో పోయేది నీ దాకా ఎందుకు?"

"వచ్చే వారం తప్పకుండా చెప్తానక్కా," అన్నాను.

ఆ వారం పెళ్లిచీరలు వచ్చాయి. ఆ పై వారం చుట్టాలు దిగారు. కాంపౌండరు దగ్గర మందు ఎలా లేదో నా దగ్గర ధైర్యం అలాగే లేదు, నేనూ అడుత్త వారమే అంటూ పోయాను. తై నెలలో పెళ్లయి అదే ఊళ్లో వేరే వీధికి కాపురానికి వెళ్లాను. పెళ్లికి అక్క రాలేదు. లేవలేకపోయిందని చెప్పారు.

మరో రెండు నెలలకు, పంగునిలో, నేను పుట్టింట్లో ఉన్నప్పుడు ఆమె తమ్ముడు వచ్చాడు. తోటను ఇంకొకరి పేరుకు మార్చాలి, వారసుడిగా వేలిముద్ర కావాలని నాయన కబురు పెడితే వచ్చాడు. ఆ పని మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ ఆలస్యం కాలేదు. వేలికి అంటిన సిరా గోడకు తుడుచుకుంటూ అతను నాతో అన్నాడు: "నిన్న ఆసుపత్రి నుంచి ఆళు వచ్చినాడు పాపా. సూది మందు వచ్చేసిందంటా, అక్కను రమ్మన్నాడు. అక్క పోయి పన్నెండు దినాలాయె అని చెప్పి పంపించినాను. చీటీ ఉంటే తిరిగి ఇయ్యమన్నాడు. మా ఇంట్లో లేదు. నువ్వు తోడు పోయినావు కదా, నీ దగ్గర ఉండాదా?"

లేదన్నాను. అది ఆమె విషయంలో నేను ఆడిన చివరి అబద్ధం.

చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అంచులు పొడి రాలుతున్నాయి, గళ్లన్నీ నిండే ఉన్నాయి. సర్కారు లెక్కలో ఏడాదిన్నర మందు తిని కూడా చచ్చిపోయిన మనిషి ఆమె. ఆ జబ్బు ఎన్నడూ లేని మనిషిని నేను. దీన్ని సరిదిద్దే చోటు ఎక్కడా మిగల్లేదు. కాంపౌండరు పోయాడు, అవ్వ పోయింది, ఆ పెంకుటింటి స్థలంలో వేరే కట్టడం లేచింది. ఇక్కడ రాయడం తప్ప నాకు వేరే దారి లేదు.

రాస్తూ ఎవరి పేరూ పెట్టలేదు. మిగతావాళ్లవి మర్యాద కోసం వదిలేశాను. ఆమె పేరు రాయాలని మూడుసార్లు కలం పెట్టి తీశాను. ఆ పేరును నేను ఒకసారి వాడుకున్నాను, చాలు.