కుప్పం క్యాంపులో మూడోసారి పోయిన సేఫ్టీ వాల్వు

రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను మదనపల్లెకు బదిలీ చేశారు. ప్రెషర్ కుక్కర్లు తయారుచేసే కంపెనీలో నేను సర్వీస్ ఇన్‌స్పెక్టర్ని. హోదా పేరు ఘనంగానే ఉంటుంది గానీ, చేసేది పాత రబ్బర్లు పీకి కొత్తవి వెయ్యడమే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నా కిందికే వచ్చేవి. నెలకో ఆదివారం ఒక్కో ఊళ్లో డీలరు దుకాణం ముందు బల్ల వేసుకుని కూర్చోవాలి. దాన్ని సర్వీస్ క్యాంపు అనేవాళ్లం.

ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. మదనపల్లెలో చలిగాలి వదలకముందే బస్సెక్కడం, పుంగనూరులో టీ, పలమనేరు, బైరెడ్డిపల్లె దాటి కుప్పం చేరేసరికి పది గంటలు. కాళ్ల దగ్గర పనిముట్ల రేకుపెట్టె. దిగీ దిగగానే "కుక్కరు సారొచ్చినాడు" అని ఎవరో ఒకరు కేకేసేవారు. ఇప్పుడు నన్నలా పిలిచేవాళ్లు లేరు. ఆ పిలుపు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

కొత్తది కొనేవాళ్లు కూడా నన్నే సలహా అడిగేవారు. నలుగురున్న ఇంటికి ఐదు లీటర్లది సరిపోతుందనేవాణ్ణి. పప్పు, బియ్యం లాంటి పొంగే సరుకైతే సగానికి మించి నింపకూడదు, అందుకని మరీ చిన్నది తీసుకుంటే నాలుగు రోజులకే విసుగొస్తుంది. స్టీలుది తళతళలాడుతుంది గానీ అడుగు మందంగా లేకపోతే మాడుతుంది. మూత లోపలికి దిగే రకమా, పైన బిగించే రకమా అంటే మాత్రం ఎవరికి అలవాటైంది వాళ్లను కొనుక్కోమనేవాణ్ణి. అంతా తెలిసినట్టే చెప్పేవాణ్ణి లెండి.

కుప్పంలో మా డీలరు బాషా. అతని దుకాణానికి రెండు వీధుల అవతల సరోజమ్మ ఇల్లు. బట్టలు కుట్టే కంపెనీలో పని చేసేది. పొద్దున ఏడున్నరకు వంట ముగించి బయల్దేరాలి. అత్తకు చేతులు వణుకు, కాబట్టి పొయ్యి దగ్గర పనంతా ఈమెదే. ఆమె ఐదు లీటర్ల కుక్కరుకు రెండు నెలల్లో మూడోసారి సేఫ్టీ వాల్వు పోయింది. మూత మీద ఉండే చిన్న బిళ్ల అది. విజిల్ కింది గొట్టం మూసుకుపోయి ఆవిరి లోపలే పెరిగితే, బిళ్లలోని లోహం కరిగి ఆవిరికి దారిస్తుంది.

ఒకే భాగం మూడోసారి పోతే నీళ్ల పరీక్ష చెయ్యాలని మా రూలు. ఆమె కుక్కరుకు కొత్త వాల్వు పెట్టి, నీళ్లు పోసి, బల్ల మీది స్టవ్ మీద పెట్టి గడియారం చూశాను. విజిల్ సరిగ్గా రావలసిన వేళకే వచ్చింది. కుక్కరులో ఏ లోపమూ లేదని చెప్పాను.

"నేనింట్లో వట్టి నీళ్లు వండుతాండానా సారూ?" అంది సరోజమ్మ. వరసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఫారంలో "వాడకంలో లోపం" అని రాసి సంతకం పెట్టాను. ఆ మాట రాశామంటే ఇక గ్యారంటీ కింద వాల్వు ఇవ్వకూడదు. బిగించింది తీసేసుకుని, గొట్టం శుభ్రంగా ఉంచుకోమని చెప్పి, వాడే విధానం పుస్తకం చేతిలో పెట్టాను. ఆమె కుక్కరు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి నెల క్యాంపులో ఆమె కనబడకపోతే బాషాను అడిగాను.

"ఆయమ్మకి ఇంక మీతో పన్లేదు సార్. వాల్వు ఉండే కాడ ఎవురో రిపేరోనితో బోల్టు బిగించుకునింది. ఇంగ పోయే పనే లేదంటాంది" అన్నాడు.

వాల్వు ఉండే చోట బోల్టు ఉంటే, గొట్టం మూసుకుపోయిన రోజున కుక్కరు పేలడం తప్ప ఆవిరికి వేరే దారి లేదు. వరసను అక్కడే వదిలేసి పరిగెత్తాను. బాషా నా వెనకే వచ్చాడు.

సరోజమ్మ వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. లోపల కుక్కరు మంట మీద ఉంది, చిన్న బుస కూడా లేదు. దాని పక్కనే అత్త కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. ఎన్ని విజిళ్లొచ్చాయని అడిగాను.

"యాడప్పా, ఈ పొద్దు ఒగటీ రాలేదు" అందావిడ. లేచి బయటికి రమ్మంటే, "సంగటి మాడిపోతాదప్పా, ఉండు" అని గింజలు ఏరుకుంటోంది. రెక్క పట్టుకుని లేపి బాషాకు అప్పగించాను. సిలిండరు గడప పక్కనే ఉండటం మా అదృష్టం. అక్కడినుంచే రెగ్యులేటర్ కట్టేసి, అందర్నీ వీధిలోకి నడిపించాను. చన్నీళ్లు పొయ్యమంటావా అని బాషా అడిగాడు. ఎవరూ దగ్గరికి పోవద్దన్నాను. దానంతట అది చల్లారాలి.

ఇంట్లో జొరబడి ఈ గోలేమిటని సరోజమ్మ మొదట నా మీద మండిపడింది. బోల్టు సంగతి వివరించాక, అత్త కూర్చున్న చోటు వైపు చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంకాస్త దూరం లాక్కుపోయింది.

చాలాసేపటికి వెళ్లి గొట్టంలో తీగ దూర్చాను. గట్టిపడిన రాగిపిండి. మూత తీస్తే అన్నం మీద పిండి కుప్ప, సగం పొంగి మూతకంటుకుని ఉంది. చూడగానే అర్థమైంది. మా అమ్మ కుండలో చేసినట్టే చేసింది. ఉడికే బియ్యం మీద పిండి కుప్పగా పోసి, కలపకుండా మూతేసి మగ్గనివ్వడం మన సంగటి పద్ధతి. కుండ మీది పళ్లెం ఆవిరికి కాస్త లేచి దారిస్తుంది. కుక్కరు మూత లేవదు, పిండి పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది. మా పుస్తకంలో అన్నం, పప్పు, ఆలుగడ్డలు ఉన్నాయి, సంగటి లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సంగటి తిన్న నేను ఆ పుస్తకాన్ని ఇంటింటికీ పంచాను.

బోల్టు పీకేసి, నా పెట్టెలోంచి వాల్వు బిగించి, మళ్లీ వండించాను. కుక్కరులో బియ్యం, నీళ్లు మాత్రమే పెట్టి మూడు విజిళ్లు రానిచ్చాం. ఆవిరి పూర్తిగా దిగాక మూత తీసి, పిండి పోసి, మధ్యలో తెడ్డు కాడతో బెజ్జం చేసి, మామూలు పళ్లెం మూసి సన్నమంట మీద పది నిమిషాలు మగ్గనిచ్చాం. నేను గుడ్డతో రెండు పిడులూ అదిమి పట్టుకుంటే ఆమె గెలికింది. మూత పైన బిగించే రకం కాబట్టి నోరు వెడల్పు, తెడ్డు బాగా తిరిగింది. ఇరుకు నోటి కుక్కరు సంగటికి పనికిరాదని నాకు అప్పుడే తెలిసింది.

చెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి వేసి నాకూ, బాషాకూ పెట్టారు. తింటుండగా సరోజమ్మ అంది, "ఆ పొద్దు ఏం వండుతావని ఒగ మాట అడిగింటే సెప్పేదాన్ని గద సారూ."

సిగ్గేసింది.

మదనపల్లె చేరాక పాత ఫారం తీసి, "వాడకంలో లోపం" కొట్టేసి "ఇన్‌స్పెక్టరు విచారణలో లోపం" అని రాశాను. పైఆఫీసు సంజాయిషీ అడిగింది, ఇచ్చాను. బోల్టు బిగించింది ఎవరో రిపేరు మనిషే గానీ, ఆమెను అతని దగ్గరికి పంపింది నా సంతకం. నీళ్ల పరీక్ష నెగ్గిందంటే కుక్కరు మంచిదని మాత్రమే అర్థం. అందులో ఏం వండుతారో, ఎలా వండుతారో అడిగాకే సంతకం పెట్టాలి. ఆ ప్రశ్నకు మా ఫారంలో గడి లేదు. రిటైరయ్యేదాకా ప్రతి ఫారం మీదా పెన్నుతో నేనే గీసుకున్నాను.